డాంబర్ ప్లాంటుకు పర్మిషన్ ఉన్నదంటే అసలు ఏం ఉన్నట్టు?

ఊరి పక్కన డాంబర్ ప్లాంట్ పడ్డదంటే రెండే మాటలు వినపడ్తయి. ఊరోళ్లేమో పర్మిషన్ లేదు అంటరు, ప్లాంటోళ్లేమో అన్ని పర్మిషన్లు ఉన్నయి అంటరు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే అయితది, ఎందుకంటే ఒకలు పంచాయతీ కాగితం గురించి మాట్లాడ్తరు, ఇంకొకలు పొల్యూషన్ బోర్డు కాగితం చూపిస్తరు, నడుమ తహసీల్దార్ ఆఫీస్ కాగితం ఒకటి ఉంటది, మైనింగోళ్లది ఇంకోటి ఉంటది, ఇవి ఒకదానికొకటి సంబంధం లేనట్టే నడుస్తయి. నన్నడిగితే పర్మిషన్ ఉన్నదా లేదా అన్న కొట్లాటల సగం టైం ఉత్తగనే పోతది. అడగాల్సింది ఆ పర్మిషన్ల ఏమేం షరతులు రాసిన్రు, వాటిల ఏది నడుస్తలేదు అని. అది అడగాలంటే ప్లాంట్ ఎట్ల పనిచేస్తదో జర తెల్వాలె, అందుకే కొంచెం లోపలికి పోదాం.

మన వరంగల్ దిక్కు ఇది ఇప్పుడే ఎందుకు ఇంత లొల్లి అయితున్నదంటే రోడ్ల పని అట్లున్నది. 2023 జులై 8న ప్రధాని వరంగల్ వచ్చినప్పుడు మంచిర్యాల–వరంగల్ హైవే 108 కిలోమీటర్లకు, కరీంనగర్–వరంగల్ ఎన్‌హెచ్ 563 ని నాలుగు లైన్లు చేసే 68 కిలోమీటర్ల పనికి శంకుస్థాపన చేసిండు, ఇవి కాక మండలాల రోడ్లు, టౌన్ల రోడ్లు ఎట్లాగూ ఉన్నయి. ఇంత పనికి డాంబర్, కంకర కలిపిన మిక్స్ ఎక్కన్నుంచో తెస్తమంటే కుదరదు. రోడ్లకు ఎక్కువగ వాడే వీజీ 30 రకం డాంబర్ మిక్స్ ప్లాంటుల 150 నుంచి 165 డిగ్రీల వేడితోని బయటపడ్తది, రోడ్డు మీద పరిచే పేవర్ మిషన్ కాడికి చేరేసరికి 140 కంటె తగ్గొద్దు, 90కి దిగకముందే రోలర్ పని అయిపోవాలె. అంటే టిప్పర్ల ఎక్కినంక గడియారం మొదలైనట్టే. ప్లాంట్ రోడ్డు పనికి దగ్గర్లనే ఉండాలె, కంకర క్వారీకి కూడ దగ్గర్లనే ఉంటే ఖర్చు తగ్గుతది, ఈ రెండు కలిసే జాగ అంటే మన ఊర్ల అంచులే. కాబట్టి ప్లాంటే వద్దు, ఎక్కడో అడవిల పెట్టుకోండి అనే వాదన ఎక్కువ దూరం పోదు, రోడ్డు మనకే కావాలె కదా.

ప్లాంటుల జరిగేది చెప్పాలంటే సింపులే. 20 ఎంఎం కంకర, 10 ఎంఎం, సన్న కంకర, డస్ట్, వీటిని వేర్వేరు బిన్లల్ల పోస్తరు, అక్కన్నుంచి బెల్టు మీద పెద్ద తిరిగే డ్రమ్ములకు పోతయి, డ్రమ్ము మూతి కాడ బర్నర్ ఉంటది, ఫర్నేస్ ఆయిలో డీజిలో కొట్టి మంట పెడ్తరు, కంకరల తడి పోయి కాగుతది. తర్వాత కాగిన డాంబర్ కలుస్తది, మొత్తం బరువుల డాంబర్ ఐదు శాతం అటూఇటు, మిగిలిందంతా రాయే. చాలామందికి డాంబర్ ప్లాంటంటే డాంబరే పొగ అనుకుంటరు గని, దుమ్ముల పెద్ద వాటా ఆ రాయిది. కంకర డ్రమ్ముల దొర్లుతుంటే, లోపల్నుంచి ఫ్యాన్ గాలి గుంజుతుంటే, సన్న పొడి అంతా గాలితోని చిమ్నీ దిక్కు పోతది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కల ప్రకారం కంట్రోల్ ఏమీ లేకుంటే టన్ను మిక్సుకు 14 నుంచి 16 కిలోల దుమ్ము లేస్తది, బ్యాగ్ ఫిల్టర్ సక్కగ పనిచేస్తే అదే టన్నుకు 20 గ్రాముల చుట్టుపక్కలకు పడిపోతది. కిలోలకూ గ్రాములకూ ఉన్న ఈ తేడాలనే ఊరి మొత్తం కథ ఉన్నది, ఆ నడుమ నిలబడ్డది ఒక గుడ్డ సంచి. సంచి చినిగిపోతేనో, మార్చే ఖర్చు ఎందుకని బైపాస్ చేస్తేనో ఏమైతదో మీరే ఊహించుకోండి.

పాత చిన్న ప్లాంట్లల్ల బ్యాగ్ ఫిల్టర్ బదులు గాలిని గిర్రున తిప్పి దుమ్ము రాల్చే సైక్లోను, దాని వెనక నీళ్ల స్క్రబ్బర్ ఉంటది. దుమ్ముల గాలి మీద నీళ్లు కొడ్తరు, బురద కిందికి దిగి పక్కనున్న గుంతలకు పోతది, పైన తేరిన నీళ్లను మల్ల పంపుతోని తిప్పుతరు. ఇది పనిచేస్తున్నదో లేదో తెల్సుకునుడు చాలా అల్కగ ఉంటది, ఆ గుంత చూడాలె. ప్లాంట్ నడుస్తున్నప్పుడు గుంతలకు వచ్చే నీళ్లు బూడిద రంగుల, చిక్కగ రావాలె. తేటగ ఉన్నా, గుంత ఎండి పర్రెలిచ్చినా స్క్రబ్బర్ నడుస్తలేదన్నట్టే. బ్యాగ్ ఫిల్టర్ అయితే సంచులకు అటుపక్క ఇటుపక్క గాలి ఒత్తిడి తేడా చూపించే మీటర్ ఉంటది, ముల్లు దాదాపు సున్నా కాడ పండుకున్నదంటే గాలి సంచుల నుంచి పోతలేదు, ఎక్కన్నో రంధ్రం నుంచి పోతున్నది. ఇన్స్‌పెక్షన్‌కు వచ్చిన ఆఫీసర్‌ను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, సార్ మీటర్ ఎంత చూపిస్తున్నది, రిపోర్టుల రాసుకున్నరా అని.

పొగ రంగు గురించి కూడ చెప్పాలె, ఎందుకంటే ఎక్కువ కంప్లైంట్లు ఫోటోలతోనే పోతయి, ఆ ఫోటోల సగం తప్పు పొగవే. తెల్వారుజామున చిమ్నీ నుంచి తెల్లగ మబ్బులెక్క లేచేది చాలావరకు ఆవిరి. గంటకు 120 టన్నులు తీసే ప్లాంటుల కంకరకు ఐదు శాతం తడి ఉంటే గంటకు 6 టన్నుల నీళ్లు ఆవిరై పైకి పోవాలె, చలికాలం పొద్దుగాల అది ఇంకా గట్టిగ కనపడ్తది, కొంచెం దూరం పోయి గాలిల కరిగిపోతది. ఆవిరి కరిగినంక కూడ ఒక మట్టి రంగు తోక మిగిలిపోతే అది దుమ్ము. నల్లగ వస్తే ఆయిల్ సక్కగ మండుతలేదు, లేదా ఆయిలే మంచిది కాదు. ఇక నీలం రంగు పొగ, ఇది చిమ్నీ కాడ కంటె టిప్పర్‌ల మిక్స్ దింపే కాడ, డాంబర్ ట్యాంకుల కాడ ఎక్కువ కనపడ్తది, మూకుట్ల నూనె అతిగ కాగితే లేచే పొగ లెక్కనే, డాంబర్ వేడి ఎక్కువైందన్నట్టు. ముక్కుకు ఘాటుగ తగిలి తలనొప్పి లేపేది ఎక్కువగ ఇదే. క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్సీ రోడ్డు పనుల డాంబర్ పొగను క్యాన్సర్ కారకం కావొచ్చు అనే 2బి గ్రూపుల పెట్టింది, అది ప్రధానంగ ఆ పొగల రోజంతా నిలబడే కూలీల గురించి చెప్పింది, ఊరి గురించి కాదు. ఈ తేడా మర్చిపోయి ప్లాంటొస్తే ఊరందరికీ క్యాన్సరే అని ఫ్లెక్సీ కొట్టిస్తే అవతలి లాయర్‌కు పని అల్క చేసినట్టే. దాంతోపాటు ఆ ప్లాంటుల మాస్క్ లేకుండ నిలబడ్డ బిహార్, ఒడిశా పోరగాళ్ల గురించి మనోళ్లు ఒక్క అర్జీల కూడ రాయరు, అది నాకు ఎప్పుడూ బాధనిపిస్తది.

ఇప్పుడు కాగితాల ముచ్చట. అసలు చట్టం 1981 నాటి గాలి కాలుష్య నియంత్రణ చట్టం, అందరూ ఎయిర్ యాక్ట్ అంటరు. దాని సెక్షన్ 21 ప్రకారం బోర్డు ముందస్తు కన్సెంట్ లేకుండ ప్లాంట్ పెట్టొద్దు, నడిపించొద్దు. మన రాష్ట్రంల ఇది రెండు మెట్లు, పెట్టే ముందు సీఎఫ్ఈ (కన్సెంట్ ఫర్ ఎస్టాబ్లిష్‌మెంట్), నడిపే ముందు సీఎఫ్ఓ (కన్సెంట్ ఫర్ ఆపరేషన్). వేరే రాష్ట్రాలల్ల సీటీఈ, సీటీఓ అంటరు, సంగతి ఒకటే. సీఎఫ్ఈ ఉన్నంత మాత్రాన మంట పెట్టే హక్కు రాదు, చాలామంది ప్లాంటోళ్లు చూపించేది ఆ మొదటి కాగితమే, మనం అది చూసి సల్లబడి ఇంటికి పోతం. దరఖాస్తు పెట్టుకుంటే బోర్డు నాలుగు నెలల్లోపు ఇస్తమనో ఇయ్యమనో చెప్పాలని చట్టంల ఉన్నది, 2014ల మన దగ్గర సింగిల్ విండో చట్టం టీఎస్ ఐపాస్ వచ్చినంక ఇంకా తొందరగనే తేలుస్తున్నరు. మంచిదే గని, అంత తొందరల ఊరోళ్ల మాట వినే జాగ ఎక్కడున్నదని అడిగితే, లేదు.

ఎందుకు లేదంటే, ప్రజాభిప్రాయ సేకరణ అనేది 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాల్సిన ప్రాజెక్టులకు సంబంధించింది. కంకర క్వారీకి ఆ అనుమతి కావాలె, 2012ల సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసుల చెప్పినంక ఐదు హెక్టార్ల లోపు చిన్న క్వారీలు కూడ దాని కిందికి వచ్చినయి. హాట్ మిక్స్ ప్లాంట్, అంటే మన డాంబర్ ప్లాంట్, ఒక్కదానికే అయితే అది అవసరం లేదు, బోర్డు కన్సెంట్ సరిపోతది. 2016ల కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు సీపీసీబీ పరిశ్రమలకు కాలుష్యాన్ని బట్టి మార్కులేసి రంగులు పంచినప్పుడు 60, ఆపైన వస్తే రెడ్, 41 నుంచి 59 ఆరెంజ్, 21 నుంచి 40 గ్రీన్, 20 లోపు వైట్ అన్నరు, హాట్ మిక్స్ ప్లాంట్లు, స్టోన్ క్రషర్లు రెండూ ఆరెంజ్‌ల పడ్డయి. ఒకే కాంపౌండుల క్వారీ, క్రషర్, డాంబర్ ప్లాంట్ మూడూ ఉంటే మూడింటికి మూడు దారులు, మూడు ఫైళ్లు, మూడు రకాల షరతులు, దుమ్ము మాత్రం ఊరి మీద ఒక్కటే పడ్తది. క్రషర్‌కు అయితే మిషన్‌కు 3 నుంచి 10 మీటర్ల దూరంల కొలిస్తే గాలిల దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటొద్దని రూలున్నది, డాంబర్ ప్లాంటుకేమో చిమ్నీల కొలుస్తరు.

చిమ్నీకి సాధారణ ప్రమాణం ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాముల దుమ్ము, రాష్ట్ర బోర్డు కావాలంటే ఇంకా గట్టిగ పెట్టొచ్చు, మీ ప్లాంటుకు ఎంత పెట్టిన్రో కన్సెంట్ ఆర్డర్‌లనే ఉంటది. ఈ 150 అంటే ఎంతో లెక్కేసి చూద్దాం. చిమ్నీ నుంచి గంటకు 50 వేల ఘనపు మీటర్ల గాలి పోతున్నదనుకుంటే, రూల్ లోపల ఉండుకుంటనే గంటకు ఏడున్నర కిలోల దుమ్ము పోవొచ్చు, ఎనిమిది గంటలకు 60 కిలోలు. చట్టం ప్రకారమే. కాబట్టి రిపోర్టుల పాస్ అని వచ్చినా మీ చేనుల పత్తి మీద దుమ్ము కనపడొచ్చు, అందుల రిపోర్టు అబద్ధమని అనుకోవాల్సిన పని లేదు. గాలి నాణ్యత ప్రమాణం వేరే, 2009ల వచ్చింది, మనం పీల్చే గాలిల పీఎం 10 అనే సన్న దుమ్ము రోజుకు సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నటి పీఎం 2.5 అయితే 60 దాటొద్దు. చిమ్నీ పాసై ఊరి గాలి ఫెయిలయ్యే పరిస్థితి మామూలుగనే రావొచ్చు, అప్పుడు బోర్డు ఊర్ల కొలవాలె, చిమ్నీల కాదు. అర్జీల ఈ మాట స్పష్టంగ రాయాలె, ప్లాంటుకు గాలి వీచే దిక్కున ఉన్న ఇండ్ల కాడ 24 గంటల పీఎం 10 కొలవండి అని, ఉత్తగ కాలుష్యం అరికట్టండి అని రాస్తే వాళ్లు వచ్చి చిమ్నీ కొలిచి పోతరు. జాతీయ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్‌ల తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నయి, వరంగల్ ఆ లిస్టుల లేదు, అంటే గాలి కోసం ప్రత్యేకంగ వచ్చే ఆ పైసలు, ఆ ప్లాను మనకు లేవు, అడిగి కొలిపించుకోవాల్సిందే.

చిమ్నీ టెస్ట్ రోజు ఏ ఆయిల్ మండుతున్నదో, గంటకు ఎన్ని టన్నులు తీస్తున్నరో రాయకపోతే ఆ రిపోర్టుకు విలువ లేనట్టే. ఎందుకంటే ఫర్నేస్ ఆయిల్ల సల్ఫర్ 4 శాతం దాకా ఉండొచ్చు, డీజిల్ల నామమాత్రం. దీనికి తోడు పాత టైర్లు కాల్చి తీసే ఆయిల్ చౌకగ దొరుకుతది, వాడేసిన ఇంజన్ ఆయిల్ ఇంకా చౌక, అది 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్ కిందికి వస్తది, ఎవరు పడ్తే వాళ్లు బర్నర్‌ల పోసి మండించేటందుకు లేదు. టెస్ట్ రోజు ట్యాంకుల డీజిల్, మిగతా రోజులు ఇంకోటి అయితే రిపోర్ట్ మెరిసిపోతది. అందుకే ఆయిల్ కొన్న బిల్లులు చూసిన్రా అన్నది మంచి ప్రశ్న. ఢిల్లీ చుట్టుపక్కల 2017ల సుప్రీంకోర్టు ఫర్నేస్ ఆయిల్‌ను బంద్ చేయించింది కదా అని మనోళ్లు కొందరు ఇక్కడ కూడ బందే అనుకుంటరు, ఆ ఆర్డర్ అటు దిక్కు రాష్ట్రాలకే, మనకు వర్తించదు.

ఇక అసలు నొప్పి, చిమ్నీ బయటిది. పైన చెప్పిన 120 టన్నుల ప్లాంట్ రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే 960 టన్నుల మిక్స్. టిప్పర్‌కు 20 టన్నులేసుకుంటే 48 లోడ్లు బయటికి పోతయి, దాదాపు అన్నే లోడ్ల కంకర లోపలికి రావాలె, పోయేవి వచ్చేవి లెక్కేస్తే మీ ఊరి రోడ్డు మీద రోజుకు 200 సార్లకు దగ్గర్ల టిప్పర్ పోయినట్టు. మట్టిరోడ్డు మీద ఈ టిప్పర్లు లేపే దుమ్ము ఏ చిమ్నీ రిపోర్టుల రాదు. రోడ్డు పక్క ఇండ్లల్ల బట్టలారేసుకునుడు బంద్ అయ్యేది, మిర్చి కల్లంల దుమ్ము పడేది, విచ్చిన పత్తి రంగు మారి వరంగల్ ఏనుమాముల మార్కెట్ల ధర కోసేది ఎక్కువగ దీంతోనే అని నా అనుమానం. దీని మీద బోర్డు చేయగలిగింది ప్లాంట్ గేటు దాకనే, లోపల రోడ్డు గట్టిగ వేయాలె, నీళ్లు కొట్టాలె, లోడు మీద టార్పాలిన్ కప్పాలె, చుట్టూ చెట్లు పెట్టాలె అని ఆర్డర్‌ల షరతులు రాస్తరు. గేటు దాటితే అది రవాణా శాఖ ఆర్టీఏ పని, ఓవర్‌లోడుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20 వేలు, పైన ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు జరిమానా ఉన్నది. ఊరి రోడ్డు పగిలితే పంచాయతీరాజ్ ఇంజనీర్లు. రాత్రి చప్పుడైతే 2000 నాటి నాయిస్ రూల్స్, ఇండ్ల కాడ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్. భూమి వ్యవసాయం నుంచి మార్చుకున్నరా లేదా అన్నది రెవెన్యూ. ఒకే అర్జీల ఇవన్నీ కలిపి రాసి కలెక్టరేట్ ప్రజావాణిల ఇస్తే అది నాలుగు ఆఫీసులు తిరిగి, మా పరిధి కాదు అనే ముద్రతోని వాపసొస్తది. ఏ ముక్క ఎవరిదో విడదీసి నాలుగు అర్జీలు పెట్టుడే నయం, తిప్పలే గని.

ఆర్డర్ కాపీ ఎట్ల దొరుకుతదంటే రెండు దారులు. ఎయిర్ యాక్ట్ సెక్షన్ 51 ప్రకారం ఎవరెవరికి కన్సెంట్ ఇచ్చిన్రు, ఏ ప్రమాణాలు పెట్టిన్రు అనే రిజిస్టర్‌ను బోర్డు పెట్టాలె, సంబంధం ఉన్నోళ్లు, నష్టపోతున్నోళ్లు ఎవరైనా ఆఫీస్ టైముల పోయి చూడొచ్చు. ఈ సెక్షన్ సంగతి మనోళ్లకు దాదాపు తెల్వదు. రెండోది ఆర్‌టీఐ, 10 రూపాయల ఫీజు, 30 రోజులు. సీఎఫ్ఈ, సీఎఫ్ఓ, దరఖాస్తుతోని ఇచ్చిన సైట్ మ్యాప్, చివరి ఇన్స్‌పెక్షన్ రిపోర్టులు, చిమ్నీ టెస్ట్ రిపోర్టులు అని పేరుపేరునా అడగాలె. మ్యాప్ ముఖ్యం. ప్లాంట్ ఊరికి ఇంత దూరం ఉండాలని ఎయిర్ యాక్టుల ఏ అంకె లేదు, దూరం సంగతి బోర్డు పాలసీలతోని, షరతులతోనే వస్తది, అందుకే దరఖాస్తుల దగ్గర్ల ఇండ్లు, బడి, చెరువు ఎంత దూరమని రాసిన్రో చూడాలె. దగ్గర్ల ఉన్న బడిని మ్యాప్‌ల ఎగ్గొట్టిన్రంటే తప్పుడు సమాచారం మీద తెచ్చుకున్న కన్సెంట్ అని అడ్డుపడేటందుకు మీకు అంతకంటె గట్టి పాయింట్ ఇంకోటి దొరకది.

కంప్లైంట్ ఇచ్చినంక ఏమైతదంటే, వరంగల్ రీజినల్ ఆఫీస్ నుంచి ఇంజనీర్ వస్తడు, రిపోర్ట్ హైదరాబాద్ సనత్‌నగర్ హెడ్డాఫీస్‌కు పోతది, షోకాజ్ నోటీసు, ఆ మీద హియరింగ్, తర్వాత సరిచేసుకోమనో ఆపేయమనో ఆదేశాలు. సెక్షన్ 31ఏ కింద బోర్డు ప్లాంట్ మూయించొచ్చు, కరెంట్ కట్ చేయమని చెప్పొచ్చు. కరెంట్ కట్ చేసుడు ఫ్యాక్టరీలకు పెద్ద దెబ్బే గని, ఈ హైవే ప్లాంట్లు చాలావరకు సొంత జనరేటర్ మీద నడుస్తయి, కట్ చేసినా మంట ఆగదు. 2023ల వచ్చిన జన్ విశ్వాస్ చట్టం, 2024 ఏప్రిల్ నుంచి అమలైతున్నది, ఎయిర్ యాక్టుల జైలు శిక్షలు చాలావరకు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. కోర్టు చుట్టూ తిరిగి ఎన్నటికీ పడని జైలు కంటె ఆఫీసర్ వేసే జరిమానా నయమని కొందరంటరు, నాకైతే సగమే నమ్మకం. పర్యావరణ పరిహారం వేరే ఉన్నది, సీపీసీబీ ఫార్ములా ప్రకారం ఆరెంజ్ కేటగిరీకి 50 మార్కులు, దాన్ని 250 రూపాయల రేటుతోని గుణిస్తరు, చిన్న యూనిట్ అయితే అందుల సగం, వెరసి రోజుకు 6,250 రూపాయలు. నెలంతా తప్పు చేస్తే లక్షా 87 వేల 500. రోజుకు 960 టన్నుల మిక్స్ అమ్ముకునేటోనికి అది ఏ లెక్క? 2025 ఆగస్టుల సుప్రీంకోర్టు మాత్రం బోర్డులు ఇట్లాంటి పరిహారం వేయొచ్చని తేల్చి చెప్పింది, అప్పటిదాకా ఆ అధికారం ఉన్నదా లేదా అని ప్రతి కేసుల కొట్లాటే నడిచేది.

బోర్డుతోని కాకపోతే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎన్‌జీటీ, మన బెంచ్ చెన్నైల ఉన్నది. ఇక్కడ టైం చూసుకోవాలె, వివాదానికి కారణం మొదటిసారి పుట్టిన రోజు నుంచి 6 నెలలు, ఆలస్యానికి కారణం చెప్తే ఇంకో 60 రోజులు, పంట నష్టం లాంటి పరిహారానికైతే 5 ఏండ్లు. అంత దూరం పోలేనోళ్లకు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 152 ఉన్నది, పాత సీఆర్‌పీసీ 133 అన్నట్టు, పబ్లిక్ న్యూసెన్స్ తీసేయించమని ఆర్డీఓ కాడికే పోవొచ్చు.

టైం సంగతి ఇంకొకటి. వానాకాలం రోడ్డు పని ఆగుతది, ప్లాంట్ కూడ దాదాపు బందే. పత్తి ఏరే నెలలు, మిర్చి ఎండబెట్టే నెలలు, రోడ్డు పని జోరు మీదుండే నెలలు ఒకటే, పైగా చలికాలం పొద్దుగాల్ల గాలి కిందనే నిలబడిపోయి పొగ పైకి లేవదు. ఆగస్టుల ఇన్స్‌పెక్షన్ పెట్టించుకుంటే ఏమీ దొరకది. డిసెంబర్ల పొద్దున ఏడు గంటలకు పెట్టించుకోవాలె.

హైవే ప్లాంట్లు ఒక జాగల ఉండవు, ఆ ముక్క పని అయిపోంగనే విప్పుకుని వేరే ఊరికి పోతయి, కన్సెంట్ మాత్రం మిషన్ వెంట పోదు, అది ఆ సర్వే నంబర్‌కు ఇచ్చింది. కొత్త జాగకు కొత్త సీఎఫ్ఈ కావాలె, సెక్షన్ 21 నడిపేటందుకే కాదు పెట్టేటందుకు కూడ వర్తిస్తది, కాబట్టి ట్రైలర్ల మీద డ్రమ్ము దిగి, కింద దిమ్మెలు పోస్తున్నప్పుడే ఆ కాగితం ఉండాలె. మీ ఊరి శివార్ల దిమ్మెలు లేస్తున్నయంటే పొగ వచ్చేదాకా ఆగకుండ, ఆ వారంలనే సర్వే నంబర్ రాసి రీజినల్ ఆఫీస్‌ల సీఎఫ్ఈ కాపీ అడగండి, అర్జీ ఇచ్చినట్టు రసీదు మీద తారీఖు, ముద్ర వేయించుకోండి, ఎన్‌జీటీ ఆరు నెలల లెక్కల ఆ తారీఖు పనికొస్తది.